నాజూకు చర్మానికి ఏ సబ్బు?

(వికారాబాదు, తాండూరు ప్రాంతాల ముస్లిం సోదర సోదరీమణుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువులు, ఉద్యోగాలు, పెళ్ళి ఖర్చులు, వక్ఫ్ ఆస్తులు - ఇన్ని పెద్ద సంగతులుండగా ముఖం కడుక్కునే సబ్బు మీద ప్రసంగమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. కాని మా సంఘం ఆరోగ్య విభాగానికి వచ్చే ఆడపిల్లల్లోనూ, రాతి పనివారిలోనూ చాలామంది చెప్పే మాట ఒక్కటే: "మొకం మంట, మొకం గుంజుతున్నది, ఏం రాసినా తగ్గుతలేదు." దీని వెనుక ఉన్న కారణాలు తెలియక సబ్బు మీద సబ్బు, క్రీము మీద క్రీము మార్చి, చివరకు చర్మాన్నీ డబ్బునూ రెండింటినీ పోగొట్టుకుంటున్నారు. కనుక ఈ విషయం చిన్నది కాదని మనవి చేస్తున్నాము. మేము వైద్యులము కాము. వైద్యులను అడిగి తెలుసుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ నలుగురికీ అర్థమయ్యేటట్లు మీ ముందు పెడుతున్నాము.

మొదట చర్మం అంటే ఏమిటో చూద్దాము. తాండూరువారికి ఈ సంగతి చెప్పడం తేలిక. నాపరాళ్ళు పరిచిన నేల మీరెరుగుదురు. రాళ్ళు ఎంత గట్టివైనా, సందుల్లో సిమెంటు నింపకపోతే నీళ్ళు కిందికి దిగుతాయి, చీమలు పైకి వస్తాయి. మన చర్మం పై పొర కూడా అటువంటిదే. చచ్చిన కణాలు పలకల్లాగా పరుచుకుని ఉంటాయి. వాటి సందుల్లో ఒక రకమైన కొవ్వు, నూనె పదార్థం ఉంటుంది. అది ఉన్నంతవరకు లోపలి తడి బయటికి పోదు, బయటి దుమ్మూ మందులూ లోపలికి రావు. ఆ సందుల్లోని నూనెను మనమే గీకి గీకి తీసేస్తే చర్మం ఎండుతుంది, గుంజుతుంది, ఏది తగిలినా మండుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ పొర పలచగా ఉంటుంది. అటువంటిదాన్నే నాజూకు చర్మం అంటాము.

ఇక సబ్బు. నూనెను క్షారంతో ఉడికిస్తే వచ్చేదే సబ్బు. ఆమ్లమో క్షారమో కొలవడానికి ఒక లెక్క ఉంది. దానిని పి.హెచ్. అంటారు. 7 అయితే శుద్ధజలం, అంతకు తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. ఆరోగ్యమైన చర్మం 5 దగ్గర ఉంటుంది, అంటే కొంచెం పులుపు. మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. కడిగినప్పుడల్లా చర్మం తన స్థితికి తిరిగి రావడానికి కొంత సమయం కావాలి. రోజుకొకసారి అయితే సర్దుకుంటుంది. నాలుగుసార్లు, అయిదుసార్లు రుద్దితే ఎప్పుడు సర్దుకోవాలి?

ఇక్కడే మన సంగతి వస్తుంది. మనము దినానికి అయిదు పూటలు వుజూ చేసేవాళ్ళము. అల్లాహ్ దయవల్ల ఇంత శుభ్రత ఇంకెక్కడా లేదు. కాని ఒక పొరపాటు మన ఇళ్ళల్లో కనబడుతున్నది. వుజూ చేసిన ప్రతిసారీ సబ్బు రాస్తేనే శుభ్రమని కొందరు పిల్లలు అనుకుంటున్నారు. వుజూలో ముఖం ఒకసారి కడగడం ఫర్జ్, మూడుసార్లు కడగడం సున్నత్. కడగవలసినది నీళ్ళతో. సబ్బు షరతు ఎక్కడా లేదు. ప్రవక్త (స.అ.స.) ఒక ముద్ నీటితో, అంటే రెండు అరచేతులు కలిపి పట్టినంత కొలతతో వుజూ ముగించేవారని హదీసుల్లో ఉంది. నీళ్ళలోనే అంత పొదుపు చూపిన మార్గంలో సబ్బు వృథా ఎందుకు? కనుక మా మొదటి సలహా పైసా ఖర్చు లేనిది. వుజూకు వట్టి నీళ్ళు చాలు. సబ్బు గాని, సబ్బు బదులు వాడేది గాని ముఖానికి రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. దుమ్ములో తిరిగి వచ్చిన సాయంత్రం ఒకసారి తప్పనిసరి. ఉదయం చాలామందికి నీళ్ళే సరిపోతాయి.

రెండవ సంగతి మన నీళ్ళు. తాండూరు చుట్టుపట్ల నేల కింద ఉన్నదంతా సున్నపురాయి. ఆ రాయే మనకు అన్నం పెట్టింది. నాపరాయి గనులైనా, పాలిష్ యూనిట్లైనా, కరన్‌కోట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ అయినా ఆ రాతి మీదనే నిలిచాయి. అయితే అదే రాతిలో నానిన బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కలుస్తాయి. అటువంటి నీటిని కఠినజలం అంటారు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. నురగ రాలేదని ఇంకా రుద్దుతాము. సబ్బూ కాల్షియమూ కలిసి తెల్లని తెట్టులాగా తయారవుతాయి. బకెటు అంచుకు పట్టేది అదే, కడిగిన తరువాత ముఖం మీద నిలిచిపోయేదీ అదే. ఇంగ్లాండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఈ సంగతి పరీక్షించి చూశారు. కఠినజలంతో కడిగినప్పుడు సబ్బు వంటి పదార్థాలు చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతాయనీ, ఎగ్జిమా ఉన్నవారికి దానివల్ల మంట పెరుగుతుందనీ తేల్చారు.

మీ ఇంటి నీళ్ళు ఎటువంటివో మీరే చూసుకోవచ్చు. రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో వాన నీళ్ళు, ఇంకొకదానిలో బోరు నీళ్ళు సగం దాకా పోసి, రెండింట్లోనూ సమానంగా సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. బోరు నీళ్ళ సీసాలో నురగ తక్కువగా ఉండి నీళ్ళు పాలలాగా మారితే అవి కఠినజలమే. పటిక వేస్తే మురికి అడుగుకు దిగుతుంది గాని కాఠిన్యం పోదు. మరిగించి చల్లార్చి తేర్చితే కొంత పోతుంది. వానాకాలంలో పట్టిన నీళ్ళు మెత్తనివి. ముఖానికి చెంబెడు నీళ్ళే కదా కావలసింది, అంతవరకైనా మెత్తని నీళ్ళు ఉంచుకోవచ్చు.

ఇంటికి నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టించమని అమ్మేవాళ్ళు వస్తున్నారు. దీని మీద కూడా ఇంగ్లాండులోనే పరీక్ష జరిగింది. ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలను తీసుకుని, కొందరి ఇళ్ళల్లో యంత్రం పెట్టి, కొందరి ఇళ్ళల్లో పెట్టకుండా చూశారు. 2011లో ప్రకటించిన ఫలితం ఏమంటే, యంత్రం పెట్టినందువల్ల ఎగ్జిమాకు ప్రత్యేకించి లాభం కనబడలేదు. కనుక ఆ వేల రూపాయలు పిల్లల ఫీజులకు ఉంచుకోండి. నీళ్ళను మార్చడం కష్టమైనప్పుడు, ఆ నీళ్ళల్లో తెట్టు కట్టని వస్తువును ఎంచుకోవడమే తేలిక మార్గం.

ఆ వస్తువు ఏది? ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాము. బజారులో మూడు రకాలున్నాయి.

ఒకటి మామూలు స్నానపు సబ్బు. రేపరు మీద టి.ఎఫ్.ఎం. అని ఒక అంకె ఉంటుంది. సబ్బులో కొవ్వు పదార్థం ఎంతో అది చెబుతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన అయితే మొదటి గ్రేడు. 70 రెండవది, 60 మూడవది. 'బేతింగ్ బార్' అని రాసి ఉన్నవాటికి 40 ఉన్నా చాలు. అంకె ఎక్కువైన సబ్బు ఒంటికి మంచిదే, త్వరగా అరగదు కూడా. కాని ఎంత మంచిదైనా సబ్బు సబ్బే. దాని క్షారగుణం ఎక్కడికీ పోదు. ఒంటికి వాడుకోండి, నాజూకు ముఖానికి వద్దు.

రెండవది ట్యూబులలో వచ్చే 'ఫేస్ వాష్'. ఇందులో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. వేపాకు బొమ్మ, నిమ్మకాయ బొమ్మ, బొప్పాయి బొమ్మ చూసి మోసపోకండి. వెనుకవైపు చిన్న అక్షరాల జాబితా చూడండి. మొదటి నాలుగైదు పేర్లలో 'సోడియం లారిల్ సల్ఫేట్' ఉంటే నాజూకు చర్మానికి అది కటువు. లోపల గరుకు పలుకులుండి రుద్దుకునే 'స్క్రబ్' అసలే వద్దు.

మూడవది సబ్బు కాని సబ్బు. 'సోప్-ఫ్రీ' అని గాని, 'సిండెట్' అని గాని రాసి ఉంటుంది. బిళ్ళగానూ వస్తుంది, లోషన్‌గానూ వస్తుంది. దీని పి.హెచ్. 5.5 నుంచి 7 లోపల ఉంచుతారు. కఠినజలంలో తెట్టు కట్టదు. నురగ తక్కువ వస్తుంది. నురగ లేకపోతే మురికి పోదని మనవాళ్ళకు ఒక అపనమ్మకం. నురగకూ శుభ్రతకూ సంబంధం లేదు. ధర మాత్రం ఎక్కువ. అయితే ముఖానికి మాత్రమే, రోజుకొకసారి, శనగగింజంత వాడితే ఒక సీసా చాలాకాలం వస్తుంది. ఇంటిల్లిపాదికీ కొనక్కరలేదు, మంట ఉన్నవారికి కొంటే చాలు.

వాసన సంగతి మరవకండి. అత్తరు మన సంస్కృతి, దుస్తులకు రాసుకోవడం సున్నత్. కాని నాజూకు చర్మానికి పరిమళమే పెద్ద శత్రువు. 'ఫ్రాగ్రెన్స్-ఫ్రీ' అని ఉన్నది తీసుకోండి. 'అన్‌సెంటెడ్' అన్నది వేరు. అందులో ఒక వాసనను కప్పడానికి ఇంకొక వాసన కలిపి ఉండవచ్చు. 'హైపోఅలర్జెనిక్' అన్న మాట చూసి ఎక్కువ ధర పెట్టకండి. కొత్తది ఏది తెచ్చినా ఒకేసారి ముఖమంతా రాయవద్దు. దవడ కింద ఒక పక్కన నాలుగైదు రోజులు వాడి చూసి, దురద, ఎరుపు రాకపోతేనే ముఖానికి వాడండి.

"మా అమ్మమ్మ శనగపిండితోనే కడిగింది, ఆమెకేమైంది?" అని ఒక ఆపా మమ్మల్ని అడిగింది. మంచి ప్రశ్న. మెత్తగా జల్లించిన శనగపిండిని పాలలో కలిపి, రుద్దకుండా రాసి కడిగితే చాలామందికి పడుతుంది. ముల్తానీ మట్టి నూనెను పీల్చేస్తుంది. జిడ్డు ముఖానికి సరే, ఎండిన ముఖానికి వద్దు. నిమ్మరసం నేరుగా రాయకండి. అది చాలా పులుపు, పైగా ఆ ముఖంతో ఎండలోకి పోతే మచ్చలు పడతాయి. వంట సోడా, టూత్‌పేస్టు, గాయాలకు వాడే యాంటీసెప్టిక్ ద్రావణం - ఇవేవీ ముఖానికి కావు. పెళ్ళికి ముందు మాంఝాలో ఉబ్టన్ పెట్టే ఆచారం ఉంది కదా. పెళ్ళికూతురికి ఆ రోజే మొదటిసారి కొత్త పొడి పట్టించకండి. పది రోజుల ముందు మోచేతి లోపలివైపు పెట్టి చూడండి. నికాహ్ నాడు వాచిన ముఖంతో కూర్చునే బాధ తప్పుతుంది.

కడిగే పద్ధతి కూడా ముఖ్యమే. వేడి నీళ్ళు వద్దు, గోరువెచ్చనివి గాని చల్లనివి గాని చాలు. వేళ్ళ కొనలతో మెల్లగా రాయాలి. తువ్వాలుతో తుడవవద్దు, అద్దాలి. తడి పూర్తిగా ఆరకముందే ఏదైనా రాయాలి. గ్లిజరిన్‌ను మూడు పాళ్ళ నీళ్ళల్లో కలిపి రాయవచ్చు. ఎండిన ముఖానికి రాత్రి ఇషా తరువాత వ్యాసెలిన్ పలచగా రాస్తే చాలా మేలు. మొటిమలు వచ్చే వయసు పిల్లలు మాత్రం కొబ్బరినూనె ముఖానికి రాయకుండా ఉండడం మంచిది. వికారాబాదు వారికి ఇది మరీ అవసరం. అనంతగిరి గాలి మంచిదని నిజాం కాలంలో అక్కడ క్షయ రోగులకు శానిటోరియం కట్టారు. ఊపిరితిత్తులకు మంచిదైన ఆ గాలే చలికాలంలో పొడిగా వీచి చెంపలు పగలగొడుతుంది.

ఇక పాలిష్ యూనిట్లలో, సిమెంటు పనుల్లో ఉన్న భాయీలకు రెండు మాటలు. రాతి పొడి మొకం మీద ఉండగానే సబ్బు పెట్టి రుద్దితే అది ఇసుక కాగితంతో రుద్దినట్లే. ముందు నీళ్ళు కొట్టి దుమ్మంతా దిగనివ్వండి, ఆ తరువాతనే ఏదైనా రాయండి. తడి సిమెంటు పి.హెచ్. 12 పైన ఉంటుంది, సబ్బు కంటె ఎన్నో రెట్లు క్షారం. మీద పడిన వెంటనే నీళ్ళతో కడగాలి, పని అయిపోయేదాకా ఆగవద్దు. మరకలు పోవాలని కిరోసిన్ రుద్దుకునే అలవాటు మానండి. సిమెంటులో క్రోమియం అనే లోహం కొద్దిగా ఉంటుంది. అది కొందరికి ఎలర్జీ తెస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఆ తరువాత పిసరంత దుమ్ము తగిలినా దురద, పుండ్లు మొదలవుతాయి. యూరప్ దేశాలలో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల పాళ్ళలో రెండు పాళ్ళకు మించగూడదని చట్టం పెట్టారు. అటువంటి ఎలర్జీ సబ్బు మార్చితే పోయేది కాదు, డాక్టరుకు చూపించాలి. చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ ఇవ్వమని యజమానిని అడగడం మీ హక్కు. యజమానులు కూడా ఈ సభలో ఉన్నారు, విన్నారనుకుంటాము.

ఇప్పుడు చెప్పబోయేది మా మనసులో బరువుగా ఉన్న మాట. తల్లులు జాగ్రత్తగా వినండి. ముఖం మండుతున్నదని వచ్చే ఆడపిల్లలను నిదానంగా అడిగితే, చాలాసార్లు సబ్బు వెనుక ఒక క్రీము బయటపడుతుంది. సంబంధాలు వస్తున్నాయనీ, తెల్లబడాలనీ ఎవరో తెచ్చి ఇచ్చినది. రాసిన వారం పది రోజుల్లో ముఖం మెరుస్తుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. అటువంటి క్రీములు చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. నెలల మీద చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు లేచి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. ఎండకు పోతే నిప్పు పెట్టినట్లుంటుంది. మానితే ఇంకా ఎక్కువవుతుంది, అందుకని మళ్ళీ రాస్తారు. మన దేశపు చర్మవైద్యులు ఈ జబ్బుకు స్టిరాయిడ్ చెడగొట్టిన ముఖం అనే అర్థం వచ్చే పేరే పెట్టవలసి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని ఉత్తర్వు చేసింది. చీటీ అడగని షాపు మనకు మేలు చేస్తున్నదనుకోవద్దు.

అంతకంటె భయంకరమైనది పాదరసం. కంపెనీ చిరునామా లేకుండా, విదేశీ సరుకని చెప్పి అమ్మే క్రీములలో ఇది దొరికింది. 2023లో కేరళ రాష్ట్రం మలప్పురం జిల్లాలో కాళ్ళ వాపుతో, మూత్రంలో ప్రోటీన్ పోతూ వచ్చిన రోగులను పరీక్షించగా, తెల్లబడే క్రీములు వాడినవారికి కిడ్నీలు దెబ్బతిన్నట్లు అక్కడి వైద్యులు కనిపెట్టారు. రాసింది ముఖానికి, చెడింది కిడ్నీ! పిల్ల రంగు కోసం పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకుంటామా?

చామనచాయ రోగం కాదు. దానికి మందు లేదు, అక్కరలేదు. చివరి హజ్జు నాటి ఉపదేశంలో తెల్లవానికి నల్లవాని మీద ఆధిక్యం లేదని ప్రవక్త (స.అ.స.) చెప్పిన సంగతి మన మసీదుల్లో ఎన్నోసార్లు విన్నాము. విన్నదాన్ని పెళ్ళిచూపుల నాడు మాత్రం పక్కన పెడుతున్నాము. మగపిల్లల తల్లులారా, మీరు "పిల్ల రంగు తక్కువ" అన్న ఒక్క మాట ఇంకొక ఇంట్లో ఒక ట్యూబు కొనిపిస్తుంది. మా ప్రసంగం మొత్తంలో ఈ ఒక్కటి గుర్తున్నా చాలు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి? మెత్తని పద్ధతిలో రెండు మూడు వారాలు కడిగినా మంట తగ్గకపోతే. నీరు కారే పుండ్లున్నా, రెప్పలు వాచినా. ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా వచ్చి, ఎండకు పెరిగి, కీళ్ళ నొప్పులు కూడా ఉంటే. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అసలు ఆలస్యం చేయకండి. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. క్రీములకు అలవాటుపడిన ముఖాన్ని కూడా మీ అంతట మీరు బాగుచేసుకోబోకండి. తాండూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. వికారాబాదులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. హైదరాబాదు దాకా పోగలిగితే ఉస్మానియా ఆసుపత్రి ఉంది, యూనానీ మీద నమ్మకమున్నవారికి ఎర్రగడ్డలో చర్మవ్యాధులకే కేటాయించిన జాతీయ యూనానీ పరిశోధన సంస్థ ఉంది. పోయేటప్పుడు మీరు వాడిన సబ్బు రేపరు, క్రీము ట్యూబు వెంట తీసుకుపోండి. సిగ్గుపడి దాచవద్దు. నీళ్ళు తగిలితేనే హాని జరిగే జబ్బు ఉన్నవారికి తయమ్ముమ్ అనుమతి ఖుర్‌ఆన్‌లోనే ఉంది. డాక్టరు మాట ఆలిం సాబుకు చెప్పి, ఆయన సలహా ప్రకారం నడుచుకోండి.

మా మనవి ఇంతే. వుజూకు వట్టి నీళ్ళు. ముఖానికి రోజుకొకసారి సబ్బు కాని, వాసన లేని మెత్తని వస్తువు. తడి ఆరకముందే కొంచెం గ్లిజరిన్. చీటీ లేని క్రీము ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. రేపు ఉదయం ఫజర్ తరువాత మీ స్నానాల గదిలోని గూటిని ఒకసారి చూడండి. అక్కడ పేరు ఊరు లేని ట్యూబు ఏదైనా ఉంటే, దాన్ని మీ కూతురు ఎందుకు వాడుతున్నదో కోపం లేకుండా అడగండి.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక.